లడ్డూ కావాలా, వడ కావాలా: మీ ఇంటికి ఏ పిల్లికూన సరిపోతుంది?

కొర్లగుంటలో మా మెట్ల కింద, బట్టలుతికే పాత బండ వెనకాల మూడు పిల్లికూనలు పుట్టాయి. ఇప్పుడు వాటికి పది వారాలు. ఒకటి నారింజ రంగుది. తిరుపతిలో ఆ రంగు పిల్లి పుడితే పేరు కోసం వెతుక్కునే పని లేదు, అది లడ్డూనే. రెండోది బూడిద చారలు, తెల్ల పాదాలు. ఘాటు కాస్త ఎక్కువ కాబట్టి మిరియం. మూడోది నలుపు మీద అక్కడక్కడా నారింజ పడి, నూనెలో ఒక పక్క మాడినట్టు ఉంటుంది. మా పిల్లలు దానికి వడ అని పెట్టారు.

కూనల్ని ఇస్తామని నలుగురికీ చెప్పిన పదిహేను రోజుల్లో తొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చి చూసిపోయారు. అందులో ఎనిమిది మంది లడ్డూనే అడిగారు. నేను మాత్రం అందరినీ ఒకటే అడిగాను: మీ ఇంట్లో దీనితో ఆడేది ఎవరు? ఈ వయసు కూన రోజుకు పదహారు, పద్దెనిమిది గంటలు నిద్రపోతుంది. మిగిలిన ఆరు, ఎనిమిది గంటల్లో ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ గంటల్లో ఇంట్లో ఎవరుంటారు, వాళ్ళకు ఓపిక ఎంత అన్నదాన్ని బట్టే ఏ కూన, ఎన్ని కూనలు, అసలు కూన మంచిదా పెద్ద పిల్లి మంచిదా అనేది తేలుతుంది. రంగు సంగతి ఆ తర్వాత.

ఎంత వయసులో తెచ్చుకోవాలి

చాలామందికి అరచేతిలో పట్టేంత కూన కావాలి. నీలం కళ్ళు, తడబడే నడక, మీగడ ముద్దలా ఒళ్ళు. ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ మన వీధి పిల్లుల్లో కళ్ళు ఇంకా నీలంగా ఉన్నాయంటే ఆరేడు వారాలు నిండలేదని లెక్క. పసుపో ఆకుపచ్చో, అసలు రంగు ఆ తర్వాతే దిగుతుంది. నాలుగో వారంలో తల్లిపాలు మానడం మొదలై, ఎనిమిదో వారానికి గానీ పూర్తిగా తిండికి అలవాటు పడదు. వయసు మీద అనుమానం ఉంటే వంటింటి త్రాసు మీద కూర్చోబెట్టండి. నెలకు సుమారు 450 గ్రాముల లెక్కన రెండు నెలల కూన 800, 900 గ్రాములు తూగాలి. వీధి తల్లులు బక్కవి కాబట్టి వంద గ్రాములు తగ్గినా కంగారు పడక్కర్లేదు. 500 గ్రాములున్న దాన్ని ఎవరైనా "రెండు నెలలు నిండాయి కా" అంటే మాత్రం నమ్మకండి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. ఐదేళ్ళ కిందట నవంబరు వానల్లో ఇదే మెట్ల కింద ఒంటరి కూన కనిపించింది. తల్లి కనిపించలేదు. వదిలేసి పోయిందనుకుని లోపలికి తెచ్చేశాను. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మా అమ్మమ్మ వందసార్లు అని ఉంటుంది, ఆ పూట మాత్రం గుర్తు రాలేదు. తల్లి మిగతా కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తడి లేని చోటికి చేరుస్తోంది. దీని వంతు ఇంకా రాలేదు, అంతే. ఆ రాత్రంతా మా గడప బయట అరుస్తూనే ఉంది. వీధి పిల్లుల గోల అనుకుని నేను దుప్పటి ముసుగేసుకున్నాను. తెల్లారి తలుపు తీసేసరికి తల్లి లేదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఎంత వెతికినా దొరకలేదు.

నాలుగు వారాల కూన. కూనల కోసమే అమ్మే పాలపొడి కలిపి నాలుగైదు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా లేచి పట్టాను. బతికింది. కానీ తోబుట్టువులతో కుస్తీ పట్టాల్సిన వయసంతా మా చేతులతో గడిచింది. ఇంకో కూనను గట్టిగా కొరికితే అది కీచుమని ఆట మానేస్తుంది. ఎంత కొరకొచ్చో పిల్లి నేర్చుకునేది అక్కడే. మా దానికి ఆ బడి లేకుండా పోయింది. ఐదేళ్ళొచ్చినా ఇప్పటికీ హాల్లో నడిచేవాళ్ళ మడమ పట్టుకుంటుంది. చుట్టాలు కాళ్ళు సోఫా మీద పెట్టుకుని కూర్చుంటారు.

కాబట్టి నా ఓటు తొమ్మిది నుంచి పన్నెండు వారాల మధ్య. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మనుషుల చేతికి మచ్చిక అయ్యే వయసు రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజుల్లో ఎవరూ ముట్టుకోని కూన, మూడు నెలలప్పుడు మీ ఇంటికొస్తే బీరువా కింద దూరి వారాల తరబడి బయటికి రాదు. ఓపిక ఉన్నవాళ్ళు దాన్ని కూడా దారిలో పెట్టగలరు. పిల్లలు ఎత్తుకుని ఆడుకోవాలని తెచ్చే ఇంటికి మాత్రం అది సరిపడదు. అందుకే కూనను చూడ్డానికి వెళ్ళినప్పుడు "ఎన్నాళ్ళది?" అనే కాదు, "ఎవరి చేతుల్లో పెరిగింది?" అని కూడా అడగండి. తల్లిని చూపించమనండి. తల్లి మిమ్మల్ని చూసి పారిపోకుండా ఉంటే సగం పని అయినట్టే.

రోడ్డు మీద ఒంటరి కూన కనిపిస్తే కుక్కలు, బండ్ల భయం లేనంతవరకూ దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. తల్లి వచ్చి తీసుకుపోయే అవకాశమే ఎక్కువ.

ఒకటా, రెండా

వచ్చిన తొమ్మిది ఇళ్ళలో ఒక జంట ఉన్నారు. ఆయన రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో, ఆవిడ బ్యాంకులో. పొద్దున తొమ్మిదికి తాళం పడితే సాయంత్రం ఏడుకి తీస్తారు. "పొద్దంతా నిద్రపోతుంది కదా కా, మేమొచ్చాక ఆడుకుంటాం" అన్నారు. నిజమే, పొద్దంతా నిద్రపోతుంది. చిక్కు అక్కడే ఉంది. ఒంటరిగా పడుకుని బలం కూడబెట్టుకున్న కూన ఆ లెక్కంతా తెల్లవారుజామున తేలుస్తుంది. పిల్లికి ఊపు వచ్చే వేళలు రెండు: పొద్దు గుంకేటప్పుడు, తెల్లవారే ముందు. తెల్లవారుజామున మూడున్నరకు మీ కాలి బొటనవేలు దానికి ఎలుక. సుప్రభాతం వేళకు లేచే అలవాటున్న ఇళ్ళకు పెద్ద తేడా తెలియదు. బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చోవాల్సిన మనిషికి తెలుస్తుంది.

అలాంటి ఇంటికి రెండు కూనలైనా తీసుకోండి, లేదా అసలు వద్దు అన్నాను. వాళ్ళు నొచ్చుకున్నారు. రెండూ మా మీదకు తోసేస్తోంది అనుకుని ఉంటారు.

ఖర్చు మాట దాచను. తిండి, టీకాలు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ అన్నీ రెట్టింపే. కానీ ఆటకు పట్టే మీ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. మా మెట్ల కింద రోజూ చూస్తున్నాను. మిరియం బండ చాటున నక్కి పిరుదులు అటూ ఇటూ ఊపుతాడు, వడ మీదకు దూకుతాడు. వడ వెల్లకిలా పడి వెనక కాళ్ళతో వాడి పొట్టను తంతుంది. ఒకరు కీచుమనగానే ఇద్దరూ విడిపోయి, ఏమీ జరగనట్టు పాదాలు నాక్కుంటారు. పది నిమిషాల్లో ఒకదాని మీద ఒకటి పడి నిద్ర. ఇందులో మన ప్రమేయం ఏమీ లేదు. ఒక్క కూనే ఉంటే ఆ పాత్రలన్నీ మన కాళ్ళూ చేతులూ పోషించాలి.

ఒక్కటి సరిపోయే ఇళ్ళూ ఉన్నాయి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు ఇంట్లో ఉండేవి, లేదా కూనంటే చిరాకు పడని ఎదిగిన పిల్లి ముందే ఉన్నవి. బైరాగిపట్టెడ నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఇల్లు అలాంటిదే. ఆయన పగలంతా ఇంట్లోనే, నాలుగున్నరకు బడి నుంచి మనవలు దిగుతారు. లడ్డూ ఒక్కడే అక్కడికి వెళ్ళాడు. వారమైంది. చీపురు పుల్లకు గుడ్డముక్క కట్టి ఆడించడం ఆయనే కనిపెట్టాడట.

రెండు తీసుకునేవాళ్ళు ఒకే ఈత కూనలైతే మంచిది, కొత్తగా పరిచయాల తంటా ఉండదు. కానీ ఒక మాట. అన్నాచెల్లెళ్ళే కదా అని ఊరుకోకండి. వాటికి వావి వరుసలు లేవు. ఆడకూన నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలలు మోస్తుంది. దీపావళికి తెచ్చిన రెండు, ఉగాది దాటాక ఆరవుతాయి. నాలుగు నెలలు దాటగానే రెండింటికీ ఆపరేషన్ గురించి డాక్టరును అడిగి తేదీ పెట్టించుకోండి.

కూన వద్దు, పెద్ద పిల్లే మేలు అనే ఇళ్ళు

ఇది చెబితే ఎవరూ ఒప్పుకోరు, అయినా చెబుతా. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్ళు మాత్రమే ఉంటే, లేదా రెండేళ్ళ లోపు పసివాడు ఉంటే, ఏడాది దాటిన పిల్లిని తెచ్చుకోండి. కూన చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎగబాకుతుంది, నడిచే కాళ్ళకు అడ్డం పడుతుంది. పలచబడిన చర్మం మీద దాని గోళ్ళు గీస్తే మానడానికి వారాలు పడుతుంది. పసివాడున్న ఇంట్లో అపాయం కూనకే, తోక పట్టి ఎత్తేస్తాడు. ఎదిగిన పిల్లి గుణం అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఒళ్ళో కూర్చునేదో, ఎత్తుకుంటే ఊరుకోనిదో చూసి మరీ తెచ్చుకోవచ్చు. కూన విషయంలో అది లాటరీ.

యూనివర్సిటీలో చదువుకుంటూ గదుల్లో ఉండే పిల్లలు ఇద్దరొచ్చారు. వాళ్ళకు ఏదీ ఇవ్వలేదు. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. వాళ్ళ కోర్సు రెండేళ్ళు. మెస్సు దగ్గర తిరిగే పిల్లికి రోజూ ఇంత పెట్టి, చందా వేసుకుని దానికి ఆపరేషన్ చేయించమన్నాను. ఏడో తరగతి పిల్లాడు ఏడ్చాడని కూనను తెచ్చే అమ్మానాన్నలు కూడా ఈ లెక్క వేసుకోవాలి. వాడు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్ళిపోయాక కూడా ఆ పిల్లి మీ సోఫా మీదే ఉంటుంది.

వీధి కూనా, పర్షియనా

చిత్తూరులో మా పిన్ని కూతురు ఉంది. ఫోన్ చేసి, "అక్కా, తెల్లగా, బొచ్చుగా, మొహం చప్పిడిగా ఉంటుందే, అట్లాంటిది చూడు. చెన్నై నుంచి తెప్పిస్తామన్నారు" అంది. ఎంత అడిగారంటే పదిహేను వేలట. నేను ధర గురించి మాట్లాడలేదు. "మే నెలలో మీ ఇంట్లో ఏసీ ఎన్ని గంటలు వేస్తారు?" అన్నాను. "రాత్రి పడుకునేటప్పుడు" అంది.

చప్పిడి ముక్కు చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ, ఆ ముక్కులో గాలి సరిగా ఆడదు. పిల్లికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. బాగా వేడెక్కితే నోరు తెరిచి రొప్పాల్సిందే. పైగా ఒత్తు బొచ్చు. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో మధ్యాహ్నం పూట దాన్ని మేడ మీద గదిలో పెట్టి తలుపేసి పోవడం మంచిది కాదు. రోజూ దువ్వకపోతే బొచ్చు చిక్కుపడి చర్మాన్ని లాగుతుంది. కళ్ళ నుంచి కారే నీటిని రోజూ తుడవాలి. ఈ జాతిలో కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. దానికి జన్యు పరీక్ష ఉంది కాబట్టి కొనేవాళ్ళు తల్లిదండ్రుల పరీక్ష కాగితం అడగాలి. ఆ కాగితం లేదనేవాడి దగ్గర కొనకండి. 2018లో వచ్చిన పెట్ షాపు నిబంధనల ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. అదీ చూపించమనండి.

ఇంతా చెప్పి, పర్షియన్ చెడ్డదని నేననను. ఆట తక్కువ, ఒద్దిక ఎక్కువ. చల్లటి గది, రోజుకు పావుగంట దువ్వెన పని ఉన్న ఇంట్లో హాయిగా ఉంటుంది. అలాంటి ఇల్లు మీదైతే కూనను కొనే బదులు, పెంచలేక ఎవరైనా ఇచ్చేస్తున్న ఎదిగిన పర్షియన్ ఉందేమో నాలుగు చోట్ల అడగండి. నాకు తెలిసి ఇద్దరు ఏడాది తిరక్కుండా ఇచ్చేశారు.

వీధి కూన గొప్పతనం ఇక్కడి ఎండకూ వానకూ తట్టుకుని వచ్చిన ఒడలే. పొట్టి బొచ్చు, సరైన ముక్కు. దాని కష్టాలు వేరు. కడుపులో పురుగులు, ఒంటి మీద గోమార్లు, చెవిలో కాఫీ పొడిలాంటి నల్ల మట్టి, టీకాల లెక్క లేకపోవడం. ఇవన్నీ మందుతో తీరేవి. ముక్కు ఆకారం మందుతో మారదు.

రంగును బట్టి గుణం చెప్పేవాళ్ళను నమ్మకండి. రంగును బట్టి ఆడో మగో మాత్రం కొంత చెప్పొచ్చు. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగదానికి ఆ క్రోమోజోమ్ ఒకటే, ఆడదానికి రెండు. అందుకే నారింజ పిల్లుల్లో ఐదింట నాలుగు దాకా మగవే, నలుపు నారింజ కలిసిన వడ లాంటివి దాదాపు అన్నీ ఆడవే. అది ఏ జన్యువో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు 2025లో తేల్చారు. ఆడా మగా అన్న ఎంపికకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఆపరేషన్ చేయించాక రెండూ ఒకటే. చేయించకపోతే మగది గోడలకు ఘాటు మూత్రం చిమ్ముతుంది, ఆడది రాత్రంతా పసిబిడ్డలా ఏడుస్తుంది. ఏది భరించగలరో మీ ఇష్టం. నల్ల కూన ఎదురొస్తే అపశకునం అనే ఇంటికి నల్లదే కాదు, ఏ కూనా ఇవ్వకపోవడం నా పద్ధతి. ఇవాళ రంగు, రేపు ఇంకోటి అంటారు.

మాంసం వండని ఇల్లు

తిరుపతిలో ఇది పెద్ద ప్రశ్న. పూజలు, మడి ఉన్న ఇళ్ళవాళ్ళు మొహమాటంగా అడుగుతారు, "పెరుగన్నం పెడితే చాలదా అమ్మా?" అని. చాలదు. కుక్క సర్దుకుపోయినంతగా పిల్లి సర్దుకోలేదు. టారిన్ అనే పోషకం దాని ఒంట్లో సరిపడా తయారు కాదు, మాంసంలో నుంచే రావాలి. అది లోపిస్తే కళ్ళు పోతాయి, గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. కళ్ళ సంగతి 1970లలోనే, గుండె సంగతి 1980లలో తేలింది. పెరుగన్నంతో బతుకుతున్నట్టు కనిపించే పాతకాలపు పిల్లులు బయట ఎలుకల్నీ బల్లుల్నీ తిని ఆ లోటు పూడ్చుకునేవి. ఫ్లాట్‌లో మూసి పెంచే కూనకు ఆ దారి లేదు.

అలాంటి ఇంటికి మధ్యేమార్గం కూనల కోసం అమ్మే ప్యాకెట్ పొడి తిండి. వండక్కర్లేదు, వాసన తక్కువ, బాల్కనీలో మూత డబ్బాలో పెట్టుకోవచ్చు. కానీ అందులో ఉండేదీ మాంసమే, దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అది కూడా గడప దాటి రాకూడదంటే పిల్లి ఆలోచన మానేయండి. కుందేలు గడ్డి తింటుంది. దానికీ బోలెడు పని ఉంటుంది, తెలుసుకుని తెచ్చుకోండి.

మాంసం వండే ఇళ్ళు ఇంకో తప్పు చేస్తాయి. రోజూ ఉడికించిన చికెన్ ఒక్కటే పెడతాయి. ఎముక లేని మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు. ఎదిగే కూనకు నెలల తరబడి అదొక్కటే పెడితే ఎముకలు గుల్లబారి, దూకితే విరుగుతాయి. ప్యాకెట్ తిండి అసలు భోజనం, ఉడికిన చికెన్ కొసరు అనుకోండి. చికెన్ ఉడికించిన నీళ్ళు పారబోయకండి, టారిన్ కొంత ఆ నీళ్ళలోకే దిగుతుంది. కూరలో ముక్క కడిగి పెట్టే అలవాటు మానుకోండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని చెడగొడతాయి. ఆవుపాలు విరేచనాలు పట్టిస్తాయి. పిల్లి పాలు తాగుతుందని సామెతలున్నాయి గానీ, తర్వాత ఏం జరుగుతుందో సామెత చెప్పదు.

లోపలే ఉంచాలా, తిరగనివ్వాలా

పల్లెలో పెద్ద ఆవరణ, రోడ్డుకు దూరంగా ఇల్లు ఉన్నవాళ్ళు ఆపరేషన్, టీకాలు అయ్యాక పగటిపూట తిరగనిస్తే నేను అడ్డు చెప్పను. తిరుపతి, చిత్తూరు ఊళ్ళ మధ్యలో మాత్రం లోపలే. జీవకోన, అలిపిరి వైపు కొండ పాదాన ఉన్నవాళ్ళకు కోతులు, పాములు కూడా. కొండ కింద చిరుతలు కనిపిస్తాయన్న వార్త మనకు కొత్త కాదు.

లోపలే అంటే బాల్కనీకి వల కట్టించాలి. పావురాల కోసం కట్టే వల మెత్తటిది, కూన దాన్ని కొరికి దారి చేసుకుంటుంది. అందుకని గట్టి దారం వల గానీ జాలీ గానీ చూడండి. మన ఊళ్ళో ఇంకో ప్రత్యేక సమస్య దర్శనానికి వచ్చే చుట్టాలు. నెలకు రెండుసార్లయినా ఎవరో ఒకరు బ్యాగులతో దిగుతారు. తెల్లవారుజామున మూడింటికి కొండకు బయల్దేరుతూ తలుపు బార్లా తీసి పెడతారు. కూన మెట్లు దిగిపోయేది అప్పుడే. చుట్టాలున్న రోజుల్లో దాన్ని ఒక గదిలో ఉంచి తలుపు మీద కాగితం అంటించండి. గంగజాతర వారంలో, దీపావళి ముందు రోజుల్లో కొత్త కూనను ఇంటికి తేవద్దు. డప్పులకు, టపాసులకు అది ఎక్కడ దూరుతుందో మీకు దొరకదు.

ఇంట్లో ఉన్న ప్రమాదాల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది పూలదండ దారం. మా పెద్ద పిల్లి చిన్నప్పుడు వాడిన మల్లెల దండ లాక్కుపోయింది. గంట తర్వాత చూస్తే నోట్లో నుంచి బెత్తెడు తెల్ల దారం వేలాడుతోంది. లాగబోయాను. లాగకుండా డాక్టరుకు ఫోన్ చేయడం ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని. దారం ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగులోకి పోతే, పేగు లంగా బొందు లాగినట్టు ముడుచుకుపోతుంది. లాగితే కోసుకుపోతుంది. దేవుడి గదిలో పూలు తీసిన వెంటనే మూత ఉన్న బుట్టలో వేయండి. కర్పూరం, కలరా ఉండలు అందకుండా పెట్టండి. ఫినాయిల్‌తో నేల తుడవడం మానేయండి. ఆ ఫినాల్ మందును విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్ అస్సలు వేయకండి. ఒక్క మాత్రతో ప్రాణం పోతుంది.

తెచ్చే రోజు

ఆ రోజు కూన దగ్గర పది నిమిషాలు నేల మీద కూర్చోండి. పుల్ల ఆడించండి. కళ్ళలో పుసి, తుమ్ములు, తోక కింద తడి ఉంటే ఆ రోజు ఆగండి. బక్క ఒళ్ళు, ఉబ్బిన పొట్ట ఉంటే అది పురుగుల పొట్ట, మందుతో పోతుంది. అందరూ ఎగబడే ఆటకాయ కూన కాక, కాసేపు చూసి ఆ తర్వాత వచ్చి మోకాలి పక్కన కూర్చునేది ఉంటుంది. మొదటిసారి పిల్లిని పెంచే ఇంటికి నేను దాన్నే ఇస్తాను. మా మూడింట్లో అది వడ.

ఎనిమిది వారాలు దాటాక మూడు జబ్బుల టీకా, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి. మూడు నెలలు దాటాక రేబిస్ టీకా. తిరుపతిలో 1955 నుంచి నడుస్తున్న వెటర్నరీ కాలేజీ ఉంది, ఆస్పత్రి కూడా ఉంది, మనకు దగ్గర. ముందు పెంచిన పిల్లి వాంతులు, విరేచనాలతో చనిపోయిన ఇల్లయితే జాగ్రత్త. ఆ జబ్బు తెచ్చే వైరస్ ఇంట్లో ఏడాది దాకా ఉండగలదు. పాత గిన్నెలు, పరుపు పారేసి, నేలను బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఆరబెట్టి, టీకాలు పూర్తయిన పిల్లినే తెచ్చుకోండి. టీకాలు పడని కూన గీరినా కొరికినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళ ధార కింద కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. చిన్న గీతే కదా అనుకోవద్దు. ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వెళ్ళగొట్టక్కర్లేదు, లిట్టర్ పెట్టె, అంటే పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె, ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే చాలు. ఆ మలంలో ఉండే క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.

చిత్తూరు చెల్లెలు పర్షియన్ మాట మానుకుంది. వాళ్ళింట్లో అత్తగారు పగలంతా ఉంటారు గానీ ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పుల్ల పట్టుకుని పరిగెత్తలేరు. పిల్లలు బడి, ట్యూషన్ ముగించుకుని వచ్చేసరికి ఏడున్నర. అందుకని మిరియం, వడ ఇద్దరూ వెళ్తున్నారు. ఆదివారం వస్తామన్నారు. "అట్టపెట్టె తెస్తాం కా, తాడుతో కడతాం" అంది. వద్దన్నాను. పోయినసారి అట్టపెట్టెలో తీసుకెళ్ళినవాళ్ళ కూన పూతలపట్టు చేరేసరికి పెట్టె చించుకుని డ్రైవరు సీటు కింద దూరింది. కారాపి గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నారు. మూతకు గొళ్ళెం ఉన్న ప్లాస్టిక్ బుట్ట, అడుగున మా మెట్ల కింది పాత గోనెసంచి ముక్క. ఆ ముక్క ఉతకొద్దని కూడా చెప్పాను, తల్లి వాసన దాన్లోనే ఉంది.